తప్పు చేసినవాడే కథ చెబుతుంటే

మీ ప్రశ్న పొడవుగా ఉంది కాబట్టి, మిగతావాళ్ళ కోసం ముందు దాన్ని కుదించి చెప్తాను. మీ నవల శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో జరుగుతుంది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. కొబ్బరి, జీడి, పనస తోటలు పడిపోయాయి. కూలిన చెట్లకి పరిహారం ఇస్తామని లెక్క రాసుకోవడానికి మనుషులొచ్చారు. ఆ రోజు పిన్ని ఊళ్ళో లేదు, బాబాయిని డయాలసిస్‌కి తీసుకెళ్ళింది. తోట ఇంకా తాతగారి పేరునే ఉంది, పంపకాలు నోటిమాటగా జరిగినవే. మీ కథానాయకుడు పిన్ని వాటా చెట్లు కూడా తన లెక్కలో రాయించుకుని, ఆ డబ్బుతో హైదరాబాదు వెళ్ళి కోర్సు చేసి ఉద్యోగంలో కుదురుకున్నాడు. ఆరేళ్ళ తర్వాత ఊరికి వస్తున్నాడు. ‘నేను’ అంటూ నూటయాభై పేజీలు రాశారు. చదివిన స్నేహితులేమో “వీడు ఏడుస్తూనే ఉన్నాడు, మాకు మాత్రం ఏమీ అనిపించడం లేదు” అన్నారు. ‘అతను’ అని మార్చి రాయాలా, వాడు మనిషిగా ఎదిగాడని ఎలా చూపించాలి అన్నవి మీ రెండు ప్రశ్నలు.

నేను విజయనగరంలో తెలుగు పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి. కొత్తగా రాసేవాళ్ళ రాతప్రతులు చదవడం నాకు అలవాటు. మీరు పెట్టిన రెండు అధ్యాయాలూ చదివాను. కథ బాగుంది. పంపకాలు కాగితం మీదకి ఎక్కని తోటలు మన వైపు చాలా ఉన్నాయి కాబట్టి ఆ తప్పు జరిగే వీలు నమ్మేలా ఉంది. పైగా అది హత్య కాదు, దొంగతనం అని గట్టిగా అనడానికీ లేదు. తప్పు చేసినవాడు తనకి తాను సర్దిచెప్పుకోవడానికి అందులో బోలెడంత చోటుంది. నవలకి కావలసింది అదే. మీరు ఆ చోటుని వాడుకోలేదు.

మొదటి అధ్యాయంలో అతను సికింద్రాబాదులో ఫలక్‌నుమా ఎక్కుతాడు. ఎక్కీ ఎక్కగానే “నేను పాపిని” అనుకోవడం మొదలుపెడతాడు. బండి విజయనగరం దాటింది, ఆమదాలవలస దాటింది, ఇతని బాధ మాత్రం ఎక్కిన దగ్గరే ఉంది. మొదటి పేజీలోనే తన తప్పు మొత్తం తెలిసిపోయినవాడికి నవల పొడుగునా తెలుసుకోవడానికి ఏముంటుంది? మీ స్నేహితులకి వచ్చిన విసుగు ఇక్కడిదే. ఒక మనిషి మనముందు కూర్చుని నేను చెడ్డవాణ్ణి, నేను చెడ్డవాణ్ణి అంటుంటే మనం ఏం చేస్తాం? “ఛ, అలా అనుకోకు” అంటాం, లేదంటే లేచి వెళ్ళిపోతాం. పాఠకుడూ అంతే.

నిజంగా తప్పు మోస్తున్నవాడు దాని గురించి అంత తేలిగ్గా మాట్లాడడు. మాట్లాడవలసి వస్తే తనకి అనుకూలంగా చెప్తాడు. ఆ అనుకూలం వాక్యంలోనే దాక్కుంటుంది. మీ రెండో అధ్యాయంలో చెట్ల లెక్క రోజు ఇలా ఉంది: “ఆ రోజు నేను స్వార్థంతో పిన్ని చెట్లని నా పేరు మీద రాయించుకున్నాను.” ఇది పోలీసు స్టేషన్లో రాసిచ్చే వాంగ్మూలం. ఇరవై రెండేళ్ళ కుర్రాడు తన మనసులో ఆ రోజుని ఇలా దాచుకోడు. నా సలహా ఏమిటంటే, ఆ రోజుని నవలలో మూడుసార్లు చెప్పించండి. మొదటిసారి బండిలో, ఎదురు సీటాయన ఊసుపోక తుపాను సంగతి అడిగినప్పుడు:

“అంతా గందరగోళం అండీ అప్పుడు. కరెంటు లేదు, ఫోన్లు లేవు. లెక్క రాసుకునేవాళ్ళు తొందరలో ఉన్నారు. మా పిన్ని వాళ్ళ చెట్లు కూడా నా పేరు మీదే పడిపోయాయి.”

‘పడిపోయాయి’ చూడండి. చెట్లు గాలికి పడినట్టే పేరు కూడా దానంతట అదే పడింది. ఇతను ఎక్కడా లేడు. రెండోసారి నవల మధ్యలో, ఊరొచ్చాక, తోట గట్టు మీద ఒక్కడూ నిలబడినప్పుడు:

“ఈ తోట ఎవరిది అని అడిగారు. మాదే అన్నాను. అబద్ధం కాదు. ఉమ్మడి తోటే కదా.”

ఇప్పుడు మనిషి కనబడ్డాడు. నోరు తెరిచి మాట్లాడినట్టు ఒప్పుకున్నాడు. అయినా లాయరుని పక్కన పెట్టుకునే మాట్లాడుతున్నాడు. మూడోసారి నవల చివరికి దగ్గరగా, పిన్నికే చెప్తున్నప్పుడు:

“ఆయన పెన్ను ఆపి మళ్ళీ అడిగాడు, అన్నీ మీవేనా బాబూ అని. అలా రెండోసారి అడిగినట్టు ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు. అన్నీ మావే అన్నాను.”

జరిగింది ఒకటే. పాఠకుడికి మూడోసారి ఒక కొత్త సంగతి తెలిసింది: రెండోసారి అడిగారు, అంటే వెనక్కి తగ్గడానికి అవకాశం వచ్చింది, ఇతను తగ్గలేదు. ‘స్వార్థం’, ‘పాపం’, ‘పశ్చాత్తాపం’ అన్న మాటలు ఒక్కటీ వాడలేదు. మీరు రెండో ప్రశ్నలో అడిగిన ఎదుగుదల ఇదే: మొదటిసారి దాచిన సంగతిని మూడోసారి దాచలేకపోవడం. దాన్ని విడిగా చూపించడానికి వేరే అధ్యాయం అక్కర్లేదు.

ఇక ‘నేను’, ‘అతను’ సంగతి. దస్తయేవ్‌స్కీ ‘నేరము - శిక్ష’ని మొదట హంతకుడి ఒప్పుకోలుగా, ‘నేను’ అనే రాయడం మొదలుపెట్టాడు. 1865 చివర్లో అప్పటిదాకా రాసిందాన్ని పక్కన పడేసి, ‘అతను’ అని చెప్పే మూడో మనిషి కథనంలో మళ్ళీ మొదటి నుంచి రాశాడు. 1866లో పత్రికలో వరసగా అచ్చయింది ఆ రెండో రూపం. అలా మార్చినా మనం దాదాపు పుస్తకమంతా ఆ హంతకుడు రస్కోల్నికోవ్ బుర్రలోనే ఉంటాం, అతని జ్వరం మనకీ తగులుతుంది. కానీ అప్పుడప్పుడు కథకుడు ఒక అడుగు వెనక్కి వేసి అతన్ని గదిలో మూల నుంచి చూడగలుగుతాడు. ఒప్పుకోలులో ఆ అడుగు వెనక్కి పడదు. అంత పెద్ద రచయితే మార్చాడు కాబట్టి మీరూ మార్చండి అని నేననడం లేదు. ఆయన కథకి ఆ దూరం కావలసి వచ్చింది.

మన భాషలో మూడో మనిషికి వెళ్తే ఇంకో చిక్కు ఉంది. కథకుడు ఇతన్ని ఏమని పిలవాలి? వాడు అనా, అతను అనా, ఆయన అనా? ఏది ఎంచుకున్నా అప్పుడే తీర్పు సగం చెప్పేసినట్టు. చెట్ల లెక్క రోజున ‘వాడు’, హైదరాబాదులో ‘అతను’, బ్యాగులు మోసుకుంటూ ఊళ్ళో దిగినప్పుడు జనం నోట ‘ఆయన’ అని మారుస్తూ పోవచ్చు. ఊరు ఇస్తున్న గౌరవానికీ కథకుడికి తెలిసిన నిజానికీ మధ్య ఒక చిన్న వెటకారం పుడుతుంది. అది చేయగలిగితే ‘అతను’ బాగుంటుంది. చేయి తిరిగినవాళ్ళకి కూడా కష్టమే.

మీ కథకి మాత్రం ‘నేను’ వదలొద్దనే చెప్తాను. మీ కథలో తప్పంతా ఒక ప్రశ్నకి నోటితో చెప్పిన జవాబులో ఉంది. నోటితో జరిగిన తప్పుని ఆ నోరే మళ్ళీ మళ్ళీ చెప్పడంలో పదునుంటుంది. కాకపోతే మీ రాతప్రతిలో ‘నేను’ ఒక్కడే ఉన్నాడు, ఇద్దరుండాలి. ఆనాడు తోటలో నిలబడ్డ కుర్రాడు ఒకడు, ఈనాడు చెప్తున్నవాడు ఇంకొకడు. తుపాను రాత్రి గురించి రాసిన పేజీల్లో ఈనాటివాడి తెలివంతా ఆనాటివాడి నోట్లో పెట్టేశారు. పైకప్పు రేకు ఎగిరిపోతుంటే ఏ కుర్రాడూ ‘ప్రకృతి ముందు మనిషి ఎంత అల్పుడు’ అనుకోడు. రేకు ఎక్కడ పడిందో చూసుకుంటాడు. వాణ్ణి వాడిలాగే ఉండనివ్వండి. వాడికి కోర్సు ఫీజు కావాలి, నాన్న లేడు, అప్పు పుట్టదు. ఆ రోజు వాడి లెక్క వాడికి సబబుగానే కనబడాలి, చదివేవాడికి కూడా ఒక క్షణం సబబే అనిపించాలి. పాఠకుణ్ణి ఆ ‘మాదే’ అన్న మాటలో భాగస్తుణ్ణి చేస్తే, తర్వాత మీరేమీ ఏడవక్కర్లేదు.

ఇంకోటి కూడా తేల్చుకోండి. ఇతను ఈ కథ ఎవరికి చెప్తున్నాడు, ఇప్పుడే ఎందుకు చెప్తున్నాడు? మీరు ‘ఆరేళ్ళ తర్వాత’ అని ఊరికే రాసినట్టున్నారు కానీ ఆ ఆరేళ్ళలో మంచి సంగతుంది. నాటు కొబ్బరి కాపుకి రావడానికి ఆరేడేళ్ళు పడుతుంది. తిత్లీ తర్వాత వేసిన మొక్కలు ఇతను వచ్చేసరికి అప్పుడే గెల వేస్తుంటాయి. పిన్ని తన వాటాలో మళ్ళీ మొక్కలు వేసిందా? డబ్బెక్కడిది? వేయకపోతే ఆ నేల ఎలా ఉంది? ఇతను తోటలోకి వెళ్ళగానే కళ్ళు చూడవలసింది దాన్ని. మీరేమో అక్కడ సూర్యాస్తమయం మీద పేరా రాశారు.

ఇప్పుడు పిన్ని దగ్గరికి వస్తాను. మీ నవలలో నన్ను నిజంగా ఇబ్బంది పెట్టింది ఇక్కడే. రెండు అధ్యాయాల్లో ఆవిడ ఎప్పుడు కనబడినా ఓర్పుతో, కన్నీళ్ళతో, చీర చెంగుతో కనబడుతుంది. ఆవిడకి ఇతన్ని క్షమించడం తప్ప వేరే పనే లేనట్టుంది. టాల్‌స్టాయ్ 1899లో అచ్చువేసిన ‘పునరుత్థానం’ ఒకసారి చదవండి. నెఖ్లూదొవ్ అనే జమీందారు జ్యూరీలో కూర్చుని, బోనులో నిలబడ్డ కత్యూషాని చూస్తాడు. వయసులో ఉండగా తను పాడుచేసి వదిలేసిన పిల్ల ఆమే. కుమిలిపోతాడు, పెళ్ళి చేసుకుంటానంటాడు. ఆమె మండిపడుతుంది: ఈ లోకంలో నాతో సుఖపడ్డావు, ఇప్పుడు పరలోకం కోసం కూడా నన్నే వాడుకుందామనుకుంటున్నావా అన్న అర్థంలో. చివరికి ఆమె ఇతన్ని కాదని సైమన్‌సన్ అనే ఇంకో మనిషితో నడుస్తుంది. అతని పశ్చాత్తాపం నిజమే కావచ్చు, దానికి మెట్టుగా ఉండే బాధ్యత ఆమెది కాదు. నవల అక్కడ బతికింది.

మీ పిన్నికి కూడా ఆరేళ్ళు గడిచాయి. పలాసలో జీడిపప్పు కార్ఖానాలున్నాయి, ఆ చుట్టుపక్కల ఊళ్ళ ఆడవాళ్ళు ఎందరో అక్కడ పిక్కలు ఒలిచి బతుకుతున్నారు. జీడి పిక్క రసం తగిలితే చర్మం పొక్కుతుంది, వేళ్ళు నల్లబడతాయి. ఆవిడని అక్కడ పనిలో పెట్టండి. సాటి ఆడవాళ్ళతో గొడవలు, నవ్వులు, చీటీపాట, కూలి రేటు మీద పేచీ ఉండనివ్వండి. ఇతను వెళ్ళి మోకాళ్ళ మీద పడబోయే సమయానికి ఆవిడకి షిఫ్టు టైమైపోతోందనుకోండి. అసలు ఆవిడకి గుర్తున్న తప్పు వేరే కావచ్చు. ఇతను చెట్లడబ్బు గురించి ఆరేళ్ళు కుమిలాడు. ఆవిడకి ఆ డబ్బు ఎప్పుడో మనసులోంచి పోయింది, బాబాయి పోయినప్పుడు ఇతను రాలేదన్నది పోలేదు. తను మోస్తున్న తప్పు ఒకటి, అవతలివాళ్ళకి తగిలిన దెబ్బ ఇంకొకటి అని తెలిసినప్పుడు ఇతనికి కాళ్ళ కింద నేల కదలాలి. నవల మొత్తంలో దృష్టి మారే చోటు అదే. దాన్ని మీరు ఇంకా రాయలేదు.

దీనికి మన భాషలో ఒక సదుపాయం ఉంది, వాడుకోండి. పిన్ని ఆరేళ్ళ బతుకు ఇతను చూడలేదు, విన్నాడు. కాబట్టి మొదట్లో అదంతా ‘ట’తో రావాలి. బాబాయికి ఆఖర్లో బాగా వాచిందట. పిన్ని పుస్తెలు కుదువపెట్టిందట. పనిలో చేరిందట. మీరు మాత్రం ‘పిన్ని వెక్కి వెక్కి ఏడ్చింది’ అని పక్కనే ఉండి చూసినట్టు రాశారు. ఇతను చూడలేదు కదా, ఆ సమయానికి అమీర్‌పేట హాస్టల్లో ఉన్నాడు. ఆ ‘ట’ల మధ్య ఇతను ఊళ్ళో లేకపోవడం పాఠకుడికి తెలుస్తూ ఉంటుంది. తర్వాత ఆవిడ ఎదురుగా కూర్చుని తన నోటితో చెప్పే అధ్యాయంలో ‘ట’ ఒక్కటీ ఉండకూడదు.

తప్పు ఒప్పేసుకోగానే మనిషి మారిపోయాడని అనుకోకండి. ఎక్కువమంది బోల్తాపడేది ఇక్కడే. రస్కోల్నికోవ్ లొంగిపోతాడు, సైబీరియా వెళ్తాడు, అక్కడ కూడా చాలాకాలం అతనికి చేసిన హత్య మీద పశ్చాత్తాపం రాదు. తను ఓడిపోయానన్న అవమానమే ఉంటుంది. ఉపసంహారం చివరిదాకా అతనిలో కదలిక లేదు. మా ఊరి గురజాడవారి ‘దిద్దుబాటు’ చూడండి, 1910 నాటిది. గోపాలరావు సానిపాట విని అర్ధరాత్రి ఇంటికొస్తాడు, భార్య కనబడదు. అతని మొదటి పని ఏమిటి? కోపం పట్టలేక నౌకరు రాముణ్ణి కొట్టడం. ఆ తర్వాతే తనని తాను తిట్టుకోవడం. భార్య మంచం కింద నుంచి నవ్వాక కథ ఆగిపోతుంది. మర్నాటి నుంచి మారాడా లేదా గురజాడ చెప్పడు. మారతాడని నమ్మేవాళ్ళూ ఉన్నారు, నాకైతే అనుమానమే. అలా అనుమానపడే చోటు వదలడం వల్లే ఆ కథ మీద ఇన్నేళ్ళుగా క్లాసులో కొట్టుకుంటున్నాం.

మీ చివరి అధ్యాయం ప్లాను రాశారు: ఇతను పిన్ని చేతిలో డబ్బు పెడతాడు, ఆవిడ తలమీద చెయ్యి వేస్తుంది. వద్దు. ఇప్పుడు ఇతనికి జీతం ఉంది. ఆ డబ్బు తిరిగివ్వడం కష్టమేమీ కాదు, ఇంకా చెప్పాలంటే తేలికైన పని. ఇతనికి ఏది కష్టం? వాళ్ళమ్మ దగ్గర ఆ మాట ఎత్తడం. చెట్ల లెక్క రోజున అమ్మ పక్కనే ఉందని మీరే రాశారు, తర్వాత ఆవిడని మరిచిపోయారు. ఆవిడ విన్నది. ఊరుకుంది. ఆ రాత్రి కొడుక్కి అన్నం పెట్టింది. పిన్నితో ఇన్నేళ్ళూ ఒకే బోరింగు దగ్గర నీళ్ళు పట్టుకుంది. ఇతను నిజం చెబితే అమ్మ కూడా దొంగ అవుతుంది. పెన్ను ఆపి రెండోసారి అడిగినాయనకీ ఏదో అనుమానం ఉండబట్టే అడిగాడు కదా, మరి రాసేశాడు. పక్క తోటవాళ్ళు చూశారు, నోరెత్తలేదు, వాళ్ళ లెక్కల్లో వాళ్ళకీ రెండేసి చెట్లు ఎక్కువ పడి ఉండొచ్చు. మీ జిల్లా రచయిత కాళీపట్నం రామారావుగారి ‘యజ్ఞం’లో అప్పు తగువు పంచాయితీకి వస్తుంది. ఒక్కొక్కరూ మాట్లాడుతుంటే మన సానుభూతి కూడా పక్షాలు మారుతూ పోతుంది, చివరికి తప్పు ఏ ఒక్కరి దగ్గరా ఆగదు. మీ కథలో కూడా తప్పు ఒక్కడిదే కాదు. అలాగని ‘అందరూ దొంగలే’ అని ఇతను తప్పించుకోవడానికీ వీల్లేదు. ఈ రెంటి మధ్యా ఇతన్ని నిలబెట్టండి. అమ్మతో ఒక అధ్యాయం రాయండి, డబ్బు అధ్యాయం తీసేయండి.

కొట్టేయవలసినవి ఇంకొన్ని ఉన్నాయి. పడిపోయిన కొబ్బరిచెట్లు కలలోకి వచ్చి మాట్లాడటం, వాన పడగానే ఏడవడం, పదకొండో పేజీలో గీతాశ్లోకం. ఉద్దానం కిడ్నీ జబ్బు మీద మీరు రాసిన నాలుగు పేజీల సమాచారం కూడా తీసేయండి. బాధ మీది నిజమే, అది పత్రికకి వ్యాసంగా పంపండి. నవలలో బాబాయి కొలుచుకుని తాగే గ్లాసుడు నీళ్ళు చాలు.

వీలైతే శ్రీకాకుళంలో కథానిలయానికి వెళ్ళండి. కారా మాస్టారు, అంటే ఆ ‘యజ్ఞం’ రామారావుగారే, 1997లో పెట్టింది, మీకు దగ్గరే. నవల రాసేవాడికి కథల లైబ్రరీ ఎందుకంటారేమో. ఇటువంటి చిన్న తప్పుల మీద మనవాళ్ళు పది పేజీల్లో ఏం చేశారో అక్కడ కూర్చుని చూస్తే నూటయాభై పేజీలు ఎక్కడ ఊరికే పోయాయో మీకే తెలుస్తుంది.

యాస గురించి ఆఖర్న ఒక మాట అడిగారు, సంభాషణలు యాసలో రాస్తే మిగతా జిల్లాల వాళ్ళకి అర్థం కాదేమోనని. అర్థమవుతుంది, ఆ టెన్షన్ వద్దు. కానీ అందరి చేతా ఒకేలా మాట్లాడించకండి. ఇతను హైదరాబాదులో యాస దాచుకుని బతికినవాడు, బండిలో ఎదురు సీటాయనతో పుస్తకాల తెలుగే మాట్లాడతాడు. మొదటిసారి చెప్పే అబద్ధం ఆ భాషలోనే రానివ్వండి. పిన్ని మాత్రం గుమ్మంలోనే “ఏట్రా, ఎప్పుడొచ్చినావు? తిన్నావా నేదా?” అంటుంది. ఇతను ఏ భాషలో జవాబిస్తాడో ఇప్పుడే తేల్చేయకండి, మూడోసారి చెప్పే పేజీ రాస్తున్నప్పుడు అదే తేలుతుంది. ఆ పేజీ, అమ్మ అధ్యాయం రెండూ రాశాక ఇక్కడే పెట్టండి. మొదటి అధ్యాయం మళ్ళీ పంపొద్దు, దాన్ని అన్నిటికన్నా ఆఖర్న రాయాలి.